నల్ల కుందేళ్ళ దీవి



104వ కీర్తన మన ఇళ్ళలో తరచుగా చదువుకునేదే. దేవుడు ఏ ప్రాణికి ఎక్కడ చోటిచ్చాడో భక్తుడు అందులో వరుసగా చెప్పుకుపోతాడు. పక్షికి చెట్టు, కొండమేకకు ఎత్తైన కొండ, కుందేలుకు బండ. ఆ తరువాత వేళలను కూడ పంచి చూపుతాడు. రాత్రివేళ అడవి మృగాలది, పగటివేళ పనికి బయలుదేరే మనిషిది. ఈ పంపకాన్ని మనిషి తెలియక చెరిపివేస్తే ఏమౌతుందో, దానిని తిరిగి చక్కబెట్టడానికి ఎన్నేళ్ళు పడుతుందో చూపించే దీవి ఒకటి జపాను దేశంలో ఉన్నది. దాని పేరు అమామి ఓషిమా. ఈ నెల మీ కుటుంబమంతటినీ అక్కడికి తీసికొనిపోవాలని ఆశిస్తున్నాను. ఆ దీవి కథలో మన దేశపు ప్రాణి ఒకటి ఉన్నది గనుక, అది మనకు బొత్తిగా పరాయి కథ కూడ కాదు.

వానల అడవి

జపాను పటంలో దక్షిణాన క్యూషూ అనే పెద్ద దీవి ఉన్నది. దానికి ఇంకా దిగువన, ఒకినావా వైపుగా, సముద్రంలో పూసలు గుచ్చినట్లు చిన్న దీవుల వరుస కనిపిస్తుంది. ఆ వరుసలోనిదే అమామి ఓషిమా. కగోషిమా పట్టణంనుండి విమానంలో సుమారు ఒక గంట, ఓడలో అయితే ఒక రాత్రి ప్రయాణం. దీవి వైశాల్యం 712 చదరపు కిలోమీటర్లు. అందులో ఎక్కువ భాగం కొండలు, అడవులే. అన్నిటికంటె ఎత్తైన యువాన్ కొండ 694 మీటర్లు.

ఈ దీవి దాదాపు మన ఢిల్లీ ఉన్న అక్షాంశంమీదనే ఉన్నది. ఉష్ణమండలానికి కొంచెం పైన ఉండే ఈ ప్రాంతాన్ని ఉపోష్ణ మండలం అంటారు. లోకంలో ఈ అక్షాంశంమీద ఎడారులే ఎక్కువ. మన రాజస్థాన్ ఎడారి, ఆఫ్రికాలోని సహారా ఎడారి అటువంటివే. అయితే అమామికి పక్కగా వెచ్చని సముద్ర ప్రవాహం ఒకటి పారుతుంది. ఋతుపవనాలూ తుఫానులూ దానికి తోడవుతాయి. అందువలన ఏడాదికి సుమారు 2,800 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. మన తెలుగు జిల్లాలలో సగటున కురిసేదానికి ఇది దాదాపు మూడింతలు.

అంత వాన కురిసే చోట అడవి ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది. ఆకు రాల్చని చెట్లు గొడుగులవలె కమ్ముకొని ఉంటాయి. వాటినుండి రాలే చిన్న చిన్న గింజలే అడవిలోని ఎన్నో ప్రాణులకు ఆహారం. కిన్సకుబారు అనే చోట ఫెర్న్ మొక్కలు చెట్లంత పెరుగుతాయి. మన కొండ వాగుల పక్కన మోకాలి ఎత్తున కనిపించే ఫెర్న్ జాతివే ఇవి. అక్కడ 10 మీటర్లు దాటి పెరిగి, నెత్తిన గొడుగు పట్టినట్లు ఆకులు పరచుకొని ఉంటాయి. సుమియో అనే చోట నది సముద్రంలో కలిసే దగ్గర మడ అడవి ఉన్నది. కోరింగ మడ అడవులను చూచినవారు దానిని చూడగానే గుర్తుపడతారు.

పర్వతపు చెరియలమీద ఈతచెట్టును పోలిన సైకస్ మొక్కలు కనిపిస్తాయి. వాటి గింజలలో విషమున్నది. అయినా కరువు కాలంలో ఆ దీవి ప్రజలు వాటిని నానబెట్టి, ఎండబెట్టి, విషము తీసివేసి, పిండి చేసుకొని ప్రాణాలు నిలుపుకున్నారు. అడవిలో దొరికే ఒక చెట్టు కలపను ఉడికించిన రసంలోను, ఇనుముగల బురదలోను మార్చి మార్చి ముంచి పట్టునూలుకు నల్లని రంగు వేస్తారు. ఓషిమా త్సుముగి అని పేరుపొందిన పట్టుబట్ట అలా తయారవుతుంది. మగ్గం పని తెలిసిన మన కుటుంబాలవారు ఆ ఓర్పు ఎంతటిదో ఊహించుకోగలరు.

తల్లి మూసిన గుంట

ఈ దీవులు లక్షలాది సంవత్సరాల క్రిందటనే ఆసియా ఖండంనుండి వేరైపోయాయని పండితులు చెప్తారు. ఖండంలో ఉండిపోయిన ప్రాణులలో అనేకము నశించిపోయాయి. దీవిలో చిక్కుకున్నవి బ్రతికాయి. ఎందుకంటే అక్కడ పులి లేదు, నక్క లేదు, అడవి పిల్లి లేదు. వెంటబడి వేటాడే జంతువు ఆ దీవిలో పుట్టనే లేదు.

అలా మిగిలినదే అమామి కుందేలు. మనకు తెలిసిన కుందేలును మనసులో పెట్టుకుంటే దీనిని గుర్తుపట్టలేము. ఒంటినిండా నలుపు కలిసిన గోధుమరంగు బొచ్చు. చెవులు పొట్టివి, కళ్ళు చిన్నవి, కాళ్ళు కురచవి. నేల త్రవ్వడానికి బలమైన గోళ్ళున్నాయి. చెంగున ఎగిరి దూరం పరుగెత్తడం దీనికి చేతకాదు, తరిమేవాడు లేని చోట ఆ అవసరమూ రాలేదు. పగలంతా గుంటలో పడుకొని రాత్రి మేతకు వస్తుంది. లోకం మొత్తంలో ఇది అమామి ఓషిమాలోను, పక్కనున్న తొకునోషిమా దీవిలోను తప్ప మరెక్కడా లేదు.

ఈ కుందేలు పిల్లను పెంచే తీరు విన్నప్పుడు నా హృదయం కదిలింది. తల్లి తన గుంటకు దూరంగా వేరొక గుంట త్రవ్వుతుంది. అందులో సాధారణంగా ఒకే పిల్లను పెడుతుంది. పాలిచ్చిన తరువాత గుంట నోటిని మట్టితో పూర్తిగా మూసి, ఆకులు కప్పి, గుంట ఉన్న జాడ తెలియకుండా చేసి వెళ్ళిపోతుంది. రెండు రాత్రులకు ఒకసారి వచ్చి, మట్టి తీసి, కొద్దిసేపు పాలిచ్చి, మరల మూసివేస్తుంది. లోపల చీకటిలో ఉన్న పిల్లకు తల్లి తనను విడిచిపోయినట్టే ఉంటుంది. కాని పాము నోటికి చిక్కకుండా దానిని కాపాడుతున్నది తల్లి మూసిన ఆ మట్టే. ప్రార్థనకు జవాబు రాలేదని, దేవుడు తలుపు మూసివేశాడని కుమిలేవారు మన సంఘాలలో ఎందరో ఉన్నారు. వారు యెషయా 49వ అధ్యాయం తెరచి, తల్లి ప్రేమను గూర్చి ప్రభువు అక్కడ సెలవిచ్చిన మాటను ఒకసారి చదువుకొందురుగాక.

ఈ కుందేలుతోబాటు మరెన్నో అరుదైన ప్రాణులు అక్కడ ఉన్నాయి. నీలిరంగు, ఇటుకరంగు కలిసిన రూరికాకెసు అనే అందమైన పక్షి ఉన్నది. పచ్చని ఒంటిమీద బంగారు చుక్కలున్న కప్ప ఉన్నది. దానిని 2011లో ప్రత్యేక జాతిగా గుర్తించారు. ఆకు లేక, పచ్చదనం లేక, చెట్ల వేళ్ళమీద బ్రతికే ఒక చిన్న మొక్క కూడ ఉన్నది. చూడటానికి ఎర్రని పుట్టగొడుగువలె ఉంటుంది. నీడలో నేలకు ఆనుకొని పెరిగే దాని గింజలను ఎవరు మోసుకొనిపోతారో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. నల్ల కుందేలే దాని పండ్లు తిని గింజలను అడవిలో చల్లుతున్నదని 2023లో ప్రకటించారు. ఎవరి కంటా పడని మొక్కకు ఎవరి కంటా పడని కుందేలును దేవుడు తోడుగా ఇచ్చాడు.

పాము, చెరకు, ముంగిస

ఇంత చక్కని అడవిలో అందరూ భయపడే ప్రాణి ఒకటి ఉన్నది. అది హబు అనే విషసర్పం. రెండు మీటర్లు దాటి కూడ పెరుగుతుంది. అది చీకటి పడ్డాక వేటకు బయలుదేరుతుంది. పూర్వం ఎందరో దాని కాటుకు చనిపోయారు, చేతులో కాళ్ళో పోగొట్టుకున్నారు. అమామిలో చెరకు పంట ప్రధానమైనది. 1609 తరువాత సత్సుమా ప్రభువుల ఏలుబడిలో ప్రజలచేత బలవంతంగా చెరకు పండించి, బెల్లం తీసికొనిపోయేవారు. చెరకుతోటలో ఎలుకలు చేరుతాయి. ఎలుకల కోసం పాము వస్తుంది. మన గోదావరి, కృష్ణా తీరాలలో చెరకు కొట్టే కూలీలకు ఆ భయం చెప్పనక్కరలేదు.

పాముకు విరుగుడు ముంగిస అని లోకమంతా నమ్మింది. 1910లో వతాసే షోజాబురో అనే జంతుశాస్త్ర పండితుడు గంగానది డెల్టా ప్రాంతంనుండి తెచ్చిన ముంగిసలను ఒకినావా దీవిలో విడిపించాడు. అవి మన చేలగట్లమీద కనిపించే ముంగిసకు దగ్గర చుట్టాలైన చిన్న జాతివి. వాటి సంతతినుండి సుమారు 30 ముంగిసలను 1979లో అమామి ఓషిమాకు తెచ్చి, నాజె పట్టణం దగ్గర వదిలారు. ఉద్దేశం మంచిదే. తోటి మనిషి పాము కాటుకు చావకూడదన్నదే వారి ఆశ.

కాని ముంగిస పగలు తిరుగుతుంది, హబు రాత్రి తిరుగుతుంది. కీర్తనకారుడు చెప్పిన వేళల పంపకం వారు గమనించలేదు. మన బజారులో పాములవాడు ముంగిసనూ పామునూ పోట్లాటకు విడిచేది పట్టపగలు, తాను పట్టి తెచ్చిన పాముతో. అడవిలో అలా ఎవరూ వాటిని ఎదురెదురుగా నిలబెట్టరు. ఆకలిగొన్న ముంగిస దొరకని పాము కోసం ఎందుకు వెదుకుతుంది? పరుగు తెలియని కుందేలు, నేలమీద తిరిగే పక్షి, కప్ప, బల్లి దానికి సులువుగా దొరికాయి. వేటాడేవాడిని ఎన్నడూ ఎరుగని ఆ ప్రాణులకు పారిపోవడమే తెలియదు. 30 ముంగిసలు 2000 సంవత్సరంనాటికి సుమారు 10,000 అయ్యాయని అంచనా. నాజె పరిసరాల అడవిలో కుందేళ్ళు, కప్పలు కనబడకుండా పోయాయి. పాములు మాత్రం అలాగే ఉన్నాయి.

ఆ దీవి పెద్దలు హబు పామును అడవికి కావలివాడు అంటారు. దాని భయంచేతనే మనుష్యులు అడవిలోకి ఇష్టమొచ్చినట్లు చొరబడలేదు, అందుచేతనే అడవి మిగిలింది అని వారి మాట. కాటు తిన్నవారి బాధను తక్కువ చేయడానికి నేనీ మాట వ్రాయడం లేదు. మనము కీడని తలంచిన దానిలో దేవుడు ఏ మేలు దాచియుంచాడో తొందరపడి తీర్పు తీర్చలేము.

దిద్దుబాటు

చెరువు గట్టుకు గండి కొట్టడానికి ఒక పార చాలు. దానిని పూడ్చడానికి ఊరంతా రావాలి. అమామిలో అదే జరిగింది. ముంగిసలను పూర్తిగా తొలగించాలని ప్రభుత్వం 2000లో పని మొదలుపెట్టింది. 2005లో ఇందుకోసమే ఒక దళం ఏర్పడింది. వారు దీవి కొండలన్నిటిలో సుమారు 30,000 ఉచ్చులు, బోనులు పెట్టారు. విషసర్పాలున్న అడవిలో, వానలో, వాలు కొండలమీద నడిచి వాటిని ఒక్కొక్కటిగా చూచుకుంటూ వచ్చారు. వాసన పట్టే కుక్కలకు తర్ఫీదు ఇచ్చారు. తమంతట తామే ఫొటో తీసే కెమెరాలను చెట్లకు కట్టారు. ముంగిసలు తగ్గేకొద్దీ పని కష్టమైంది. పది వేలలో ఒకటి దొరకడం సులువు, మిగిలిన పదిలో ఒకటి దొరకడం కష్టం. చివరి ముంగిస 2018 ఏప్రిల్ నెలలో పట్టుబడింది. అయినా వారు పని ఆపలేదు. ఇంకెక్కడైనా ఒక్కటైనా మిగిలిందేమోనని ఆరు సంవత్సరాలకు పైగా వెదికారు. దీవిలో ఇక ముంగిస లేదని 2024 సెప్టెంబరు 3న ప్రకటించారు.

మొత్తంమీద సుమారు 32,000 ముంగిసలు పట్టుబడి చనిపోయాయి. ఈ సంఖ్య దగ్గర మనము కాసేపు ఆగాలి. ఆ ముంగిసలు చేసిన పాపమేమిటి? దేవుడు వాటిలో పెట్టిన స్వభావం ప్రకారం అవి బ్రతికాయి. తాముగా ఓడ ఎక్కి ఆ దీవికి పోలేదు. మనిషి తొందరపాటుకు ముందు కుందేలు వెల చెల్లించింది, ఆ తరువాత ముంగిస వెల చెల్లించింది. సృష్టి యావత్తు మూలుగుచున్నదని అపొస్తలుడు రోమా పత్రిక 8వ అధ్యాయంలో వ్రాసినది ఇటువంటి చోట మనకు బాగా అర్థమౌతుంది. అదే ముంగిస మన దేశంలో ఉన్నప్పుడు చట్టం దానికి అండగా నిలుస్తుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇక్కడ ముంగిసను చంపడం నేరం. రంగుల కుంచెలకు దాని వెంట్రుకలు వాడుతారని చాటుగా చంపేవారున్నారు గనుక ఈ సంగతి మన గ్రామాలలో తెలిసియుండటం మంచిది. తన చోట ఉంటే అది ఎలుకల బెడద తగ్గించే మంచి ప్రాణి. చోటు మారినందున అది దీవికి శాపమైంది.

నోరులేనివారి తరపున

మనుష్యులందరూ ఆ అడవిని పాడుచేసినవారే అనుకోవద్దు. 1995లో అమామి ప్రజలు కొందరు కగోషిమా న్యాయస్థానంలో ఒక దావా వేశారు. అడవిని నరికి గోల్ఫు మైదానాలు కట్టబోతున్నారని, దానిని ఆపాలని వారి కోరిక. వాదులుగా ఎవరి పేర్లు వ్రాశారనుకున్నారు? నల్ల కుందేలు పేరు, దానితోబాటు మూడు పక్షుల పేర్లు! జంతువులకు దావా వేసే అర్హత లేదని 2001లో న్యాయస్థానం దానిని కొట్టివేసింది. అయితే ఆ గోల్ఫు మైదానాలు మాత్రం కట్టబడలేదు. తమ కొరకు తాము మాట్లాడుకోలేనివారి పక్షాన మాట్లాడమని ఒక తల్లి రాజైన తన కుమారునికి బోధించిన సంగతి సామెతలు 31వ అధ్యాయంలో చదువుతాము. ఆ దావా వేసినవారు ఆ పనే చేశారు.

సువార్త కూడ ఈ దీవికి ఎన్నడో చేరింది. 1891లో అక్కడ కతోలిక మిషనరీల సేవ ఆరంభమైంది. 1930లలో సైనికాధికారుల ఒత్తిడివలన మిషనరీలు దీవిని విడిచిపోవలసి వచ్చింది, విశ్వాసులు ఎన్నో శ్రమలు పడ్డారు. యుద్ధం తరువాత దీవి అమెరికా సైన్యపు ఏలుబడి క్రిందికి పోయి, 1953 డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్ దినాన, తిరిగి జపానుకు అప్పగించబడింది. ఈనాటికీ ఆ కొండల నడుమ పల్లెలలో చిన్న చిన్న ప్రార్థనా మందిరాలు కనిపిస్తాయి.

ఇప్పుడు ఆ దీవిలో

ముంగిసలు తగ్గడంతో కుందేళ్ళు పెరిగాయి. 2003లో ఆ దీవిలో 5,000 కంటె తక్కువ ఉన్నాయని లెక్కవేశారు. ఇటీవలి అంచనా 10,000 దాటింది. 2021 జూలైలో అమామి ఓషిమా, తొకునోషిమా, ఉత్తర ఒకినావా, ఇరియోమొతె దీవుల అడవులను యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది.

అంతటితో కష్టాలు తీరిపోలేదు. ఇళ్ళలో పెంచి వదిలివేసిన పిల్లులు అడవిపాలై కుందేళ్ళను పడుతున్నాయి. రాత్రివేళ రోడ్డుమీదికి వచ్చే కుందేళ్ళు కార్ల క్రింద పడి చనిపోతున్నాయి. అందుకని ఒక కొండదారిలో రాత్రి వెళ్ళదలచిన బండ్లు ముందుగా పేరు వ్రాయించుకోవాలని, మెల్లగా నడపాలని నియమం పెట్టారు. రైతులకు కూడ కొత్త బాధ వచ్చింది. పెరిగిన కుందేళ్ళు నారింజ జాతి చెట్ల బెరడు కొరుకుతున్నాయి. అడవిపందులు చేలోపడి వేరుశనగ తవ్విపోతే ఆ రైతు కడుపుకోత ఎటువంటిదో మన పాఠకులకు తెలుసు. కుందేలును కాపాడండి అని పట్టణంలో కూర్చొని చెప్పడం సులువు. దాని ఖర్చు అడవి పక్కనున్న రైతు ఒక్కడే మోయకూడదు. తోటల చుట్టూ వలలు కట్టుకొని కుందేలునూ తోటనూ రెండింటినీ నిలుపుకోవాలని అక్కడివారు ప్రయత్నిస్తున్నారు.

మనకు ఏమి?

దేవుడు ఆదామును ఏదెను తోటలో ఉంచినప్పుడు రెండు పనులు అప్పగించాడని ఆదికాండము 2వ అధ్యాయం చెప్తుంది. ఒకటి తోటను సేద్యపరచడం, రెండవది దానిని కాయడం. సేద్యం మన పల్లెలలో తరతరాలుగా నేర్చుకున్నాము. కాయడం అంత శ్రద్ధగా నేర్చుకున్నామా? కాపరికి మొదట తెలియవలసింది తాను కాసే దాని స్వభావం. ఏది రాత్రి తిరుగుతుంది, ఏది పగలు తిరుగుతుంది, ఏది దేనిని తిని బ్రతుకుతుంది అని అడిగియుంటే, ఒక ముదుసలి రైతు కూడ ఆ పండితులకు జవాబు చెప్పియుండేవాడు.

మన చేలగట్లమీద వయ్యారిభామ మొక్కను చూడండి. పరాయి దేశంనుండి ధాన్యంతో వచ్చిన కొద్ది గింజలు ఈనాడు దేశమంతా కమ్ముకొని, పశువులకు మేత లేకుండా చేసి, మనుష్యులకు దురద, ఆయాసం తెస్తున్నాయి. ఊరి చెరువులో గుర్రపుడెక్క సంగతి కూడ అంతే. దాని పువ్వు అందంగా ఉందని ఎవరో తెచ్చారు. కనుక కొత్త మొక్కను, కొత్త చేపను, కొత్త జంతువును మన నేలలో విడిచేముందు పదిమందిని అడగాలి. పెంచలేని కుక్కపిల్లనో పిల్లిపిల్లనో ఊరవతల వదిలి రావడం కూడ చిన్న విషయం కాదని మన పిల్లలకు చెప్పాలి.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఒక సాయంత్రం 104వ కీర్తన చదవండి. చదివిన తరువాత పిల్లలను అడగండి: మన పొలంలో, మన చెరువులో, మన కొండమీద దేవుడు ఎవరెవరికి చోటిచ్చాడు? వారు చెప్పిన పేర్లన్నీ ఒక కాగితంమీద వ్రాయించండి. పెద్దలకు తెలిసి పిల్లలకు తెలియని పేర్లుంటే వాటిని కూడ చేర్చండి. ఆ కాగితం ముందు పెట్టుకొని, ఆ ప్రాణులన్నిటికొరకు దేవునికి కృతజ్ఞత చెల్లించండి.

నల్ల కుందేలుకు బండ సందులో చోటిచ్చిన దేవుడు, ఆయన అప్పగించిన నేలను కాపాడుకొనే జ్ఞానమును, ఓర్పును మనకందరికి దయచేయునుగాక. ఆమేన్.